స్టాక్టన్ హై స్ట్రీట్‌లో కొత్త షాపులు: కౌన్సిల్ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి?

నార్టన్_రోడ్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంగ్లండ్‌లో మన టీసైడ్ ప్రాంతంలోని స్టాక్టన్ ఊళ్లో, హై స్ట్రీట్‌లో (అంటే ఊరి ప్రధాన బజారు వీధిలో) మళ్లీ షాపులు తెరుస్తున్నారని మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ సంబరపడుతున్నారు. బార్బర్ షాపు, వేప్ షాపు, ఫోన్ రిపేరు, రాత్రి దాకా తెరిచి ఉండే డెసర్ట్ పార్లర్. మూతబడ్డ షట్టరు లేస్తే నాకూ సంతోషమే. అయితే వీటిలో ఎన్ని రెండేళ్లు నిలబడతాయి? నిలబడాలంటే కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) ఏం చేయాలి? దీని మీద మాట్లాడుకుందాం.

టీసైడ్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఇక్కడ సంత 1310 నుంచి ఉంది. ఇప్పటికీ బుధ, శుక్ర, శనివారాల్లో జరుగుతుంది. ఇంగ్లండ్‌లోనే బాగా వెడల్పైన హై స్ట్రీట్లలో ఇదొకటి. గీస్తే వెలిగే అగ్గిపుల్లను ప్రపంచంలో మొదట అమ్మింది కూడా ఈ వీధిలోనే. జాన్ వాకర్ అనే మందుల షాపాయన 1827లో అమ్మాడు. అంటే ఇది వ్యాపారం తెలియని ఊరు కాదు.

దెబ్బ ఎక్కడ తగిలింది? 1988లో ఊరి బయట టీసైడ్ పార్క్ వచ్చింది. కారు పెట్టుకోవడానికి ఒక్క పెన్నీ కట్టక్కర్లేదు, కావాల్సిన పెద్ద షాపులన్నీ అక్కడే. ఆ తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. ఇక్కడి మార్క్స్ అండ్ స్పెన్సర్ 2018లో, డెబెనమ్స్ 2020 జనవరిలో మూతపడ్డాయి. పెద్ద షాపుకి వచ్చినవాళ్లే పక్కన చిన్న షాపులో కూడా కొనేవాళ్లు. పెద్దది పోగానే చిన్నవాటికి గిరాకీ పడిపోయింది. 2019లో కౌన్సిల్ క్యాజిల్‌గేట్, వెల్లింగ్టన్ స్క్వేర్ అనే రెండు షాపింగ్ సెంటర్లనూ కొనేసింది. క్యాజిల్‌గేట్‌ని కూల్చి, హై స్ట్రీట్ నుంచి టీస్ నది దాకా పార్కు చేయాలని నిర్ణయించింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పార్కు మంచిదే. కానీ పార్కు మీద పెట్టినంత శ్రద్ధ షాపు లీజుల మీద పెట్టకపోతే, పార్కుకి వచ్చినవాళ్లు అద్దాలకి అంటించిన 'టు లెట్' కాగితాలు చూసి వెళ్లిపోతారు. కౌన్సిల్ ఖాళీ బిల్డింగులు తీసుకుని, చిన్న చిన్న యూనిట్లు చేసి, ఈ ఊళ్లో బతికేవాళ్లకి తక్కువ అద్దెకి, కనీసం మూడేళ్ల భరోసాతో ఇవ్వాలి. మీరేమంటారు?

నైట్_డ్యూటీ_నర్స్

అన్నా, నేను దీనికి ఒప్పుకోను. షాపులు ఎక్కువై చచ్చిపోయిన వీధిలోకి ఇంకా షాపులు తెచ్చిపెడితే ఎలా? 1970లలో కట్టినన్ని షాపులు ఇప్పుడెవరికి కావాలి? మనమే చీరల దగ్గర్నుంచి చార్జర్ల దాకా ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నాం. ఉన్న షాపులన్నీ ఒకచోటికి చేర్చి, మిగతాది ఖాళీ చేయడమే సరైన పని. క్యాజిల్‌గేట్‌లో ఉన్నవాళ్లని వెల్లింగ్టన్ స్క్వేర్‌కి రమ్మన్నది అందుకే.

ఆ క్యాజిల్‌గేట్ ఉన్నన్నాళ్లూ హై స్ట్రీట్‌లో నిలబడితే నది కనిపించేదే కాదు, అడ్డంగా గోడ కట్టినట్టు ఉండేది. ఇప్పుడు ఆ వైపు కమ్యూనిటీ డయాగ్నొస్టిక్ సెంటర్ వచ్చింది. ఎంఆర్ఐ, సీటీ స్కాన్‌లకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తున్నారు. స్కాన్‌కి వచ్చినవాళ్లు, వాళ్లతో తోడు వచ్చినవాళ్లు కాఫీ తాగరా, ఏదో ఒకటి కొనరా? గ్లోబ్ థియేటర్ కూడా అంతే. 1963లో బీటిల్స్ పాడిన హాలు, ఏళ్ల తరబడి మూతబడి ఉండి 2021లో తెరిచారు. షో ఉన్న రోజు సాయంత్రం ఆ వీధి చూడండి, లేని రోజు చూడండి. జనం రావడానికి ముందు ఏదో ఒక కారణం ఉండాలి. అది ఉంటే షాపులు వాటంతట అవే వస్తాయి.

ఇంకో మాట. పిల్లల్ని తీసుకుని టౌన్‌కి వెళ్తే కూర్చోడానికి చోటుండదు, ఏదైనా కొంటేనే కూర్చోనిస్తారు. పార్కు అంటే మాలాంటివాళ్లకి అదే పెద్ద సౌకర్యం.

పాత_కిరాణా

షాపు నడిపినవాడిగా నేను రెండు లెక్కలు చెప్తాను. షాపులు 'వాటంతట అవే వస్తాయి' అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది తల్లీ. అవి వాటంతట అవి రావు. ఎవరో దాచుకున్న డబ్బు, భార్య నగలు పెడితే వస్తాయి.

మొదటిది బిజినెస్ రేట్స్, అంటే షాపు బిల్డింగ్ మీద ఏటా కట్టే పన్ను. మీ షాపు రేటబుల్ వాల్యూ (ఏడాదికి ఎంత అద్దె వస్తుందని సర్కారు వేసే అంచనా) 12,000 పౌండ్ల లోపు, ఉన్నది ఆ ఒక్క షాపే అయితే రేట్స్ సున్నా. 15,000 దాటితే ఆ మాఫీ పూర్తిగా పోతుంది. హై స్ట్రీట్ మీద కాస్త ముందు భాగంలో ఉన్న షాపు 18,000 అనుకోండి. 2024-25లో పౌండుకి 49.9 పెన్నీల చొప్పున దాదాపు 8,980 పౌండ్లు. ఆ ఏడాది రిటైల్ షాపులకి 75 శాతం రిలీఫ్ ఉంది కాబట్టి చేతి నుంచి పోయేది 2,245 దాకా. 2025 ఏప్రిల్‌లో ఆ రిలీఫ్ 40 శాతానికి తగ్గింది. అదే షాపు, అదే గిరాకీ, 2025-26లో కట్టాల్సింది మాత్రం 5,390 దాకా. కొత్తిమీర కట్ట మీద, కందిపప్పు ప్యాకెట్ మీద మనకి మిగిలేది పెన్నీలు. ఆ పెన్నీలతో ఈ మూడు వేల పైచిలుకు తేడాని ఎక్కడ పూడుస్తాం?

రెండోది లీజు. ఇక్కడ చాలా కమర్షియల్ లీజుల్లో రిపేర్లన్నీ అద్దెకున్నవాడి నెత్తినే. నేను సంతకం పెట్టేటప్పుడు దాని అర్థం పూర్తిగా విడమరిచి చెప్పినవాడు లేడు. పైకప్పు కారి, వెనక గదిలో బియ్యం బస్తాలు అడుగు నుంచి తడిసి ముద్దయ్యాయి. ఓనరుకి ఫోన్ చేస్తే లీజులో ఫలానా క్లాజు చదువుకోమన్నాడు. పై రెండు అంతస్తులూ ఖాళీ, అక్కడికి వెళ్లడానికి నాకు తాళం కూడా లేదు, కానీ కప్పు బాగుచేయించాల్సింది నేనే. షాపు మూసేశాక కూడా లీజు అయ్యేదాకా అద్దె కట్టాను.

కాబట్టి నార్టన్ రోడ్ గారు చెప్పిన దాంట్లో నాకు నచ్చింది తక్కువ అద్దె కాదు, లీజు షరతులు. అద్దె కాస్త ఎక్కువైనా భరించవచ్చు. కప్పు మాత్రం ఓనరు చూసుకోవాలి.

బీసెంట్_రోడ్_బాబు

నేను విజయవాడలో పుట్టి పెరిగి ఇప్పుడు థార్నబీలో ఉంటున్నా. బీసెంట్ రోడ్ ఎందుకు చావలేదు? మాల్స్ అక్కడా వచ్చాయి, ఆన్‌లైన్ అక్కడా ఉంది. కానీ నడిచి వచ్చే దూరంలో వేలమంది కాపురం ఉన్నారు, షాపు ముందు తోపుడు బండి ఉంది, బండి దగ్గర హెయిర్ క్లిప్పు బేరమాడిన మనిషే షాపులోకెళ్లి చీర కొంటుంది. స్టాక్టన్‌లో సాయంత్రం అయిదున్నరకి షాపులు కట్టేస్తే ఆ వీధిలో ఉండేదెవరు? పై అంతస్తులన్నీ చీకటి. పాత కిరాణా గారి షాపు పైన రెండు కుటుంబాలు ఉండి ఉంటే ఆ కప్పు కారుతోందని ముందే తెలిసేది, పాలు పెరుగు కొనేవాళ్లూ వాళ్లే అయ్యేవాళ్లు.

కౌన్సిల్ డబ్బు పెడితే ఆ పై అంతస్తుల్ని ఇళ్లు చేయడానికి పెట్టాలి. వేప్ షాపు, బార్బర్ షాపు అని చిన్నచూపు చూడటం కూడా నాకు నచ్చలేదు. జుట్టు కత్తిరించడం ఆన్‌లైన్‌లో జరగదు, అందుకే ఆ షాపులు వస్తున్నాయి. చెక్క పలకలు కొట్టిన అద్దం కన్నా ఏ షాపైనా నయమే.

నార్టన్_రోడ్

బాబూ, బార్బర్లని చిన్నచూపు చూడలేదు, అలా అనిపిస్తే మాట మారుస్తాను. బార్బర్ నాకూ కావాలి. వరసగా ఆరు బార్బర్ షాపులుంటే మాత్రం ఆరుగురూ నష్టపోతారు. ఇళ్ల సంగతి వందశాతం నిజం. కానీ ఇళ్లు కట్టి జనం చేరడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా కింద షాపు బతకాలి కదా.

ఇక నర్స్ గారి మాటకి. జనం రావడానికి కారణం కావాలన్నది కరెక్టే. అయితే స్కాన్‌కి వచ్చినావిడ ఎక్కడ కూర్చుని కాఫీ తాగాలి అన్నది మళ్లీ ఒక ఓనరు చేతిలోనే ఉంది. ఆ ఓనరు ఎక్కడో దూరాన ఉంటాడు, షాపు ఖాళీగా ఉన్నా అతనికి తొందర లేదు. అద్దె తగ్గిస్తే బిల్డింగ్ విలువ పడిపోతుందని, బ్యాంకు అప్పుకి ఇబ్బందని కొందరు ఖాళీగానే ఉంచుతారు. ఖాళీ షాపుకి మూడు నెలలు దాటితే ఓనరే పూర్తి రేట్స్ కట్టాలి. దానికీ దారి వెతికారు. కొన్ని వారాలు లోపల అట్టపెట్టెలు పెట్టి 'వాడుకలో ఉంది' అని చూపించి, మళ్లీ మూడు నెలల మినహాయింపు తీసుకునేవాళ్లు. ఆరు వారాలు వాడితే చాలన్న రూలుని 2024 ఏప్రిల్‌లో పదమూడు వారాలు చేశారు. మంచిదే, కానీ పెట్టెలు పదమూడు వారాలు కూడా కూర్చోగలవు.

నాకు ఆశ కలిగించింది హై స్ట్రీట్ రెంటల్ ఆక్షన్. 2024 డిసెంబర్ 2 నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లకి ఈ అధికారం వచ్చింది. గత రెండేళ్లలో 365 రోజులకి మించి ఖాళీగా ఉన్న షాపుని, ఓనరు కదలకపోతే, కౌన్సిలే వేలం పెట్టి ఏడాది నుంచి అయిదేళ్ల దాకా లీజుకి ఇప్పించవచ్చు. ఇంత అద్దె రావాల్సిందేనని ఓనరు పట్టుబట్టడానికి లేదు. మన కౌన్సిల్ దీన్ని గట్టిగా వాడాలని కౌన్సిలర్లకి రాయడమే ఈ చర్చ పెట్టడంలో నా ఉద్దేశం. పది మందిమి రాస్తే కనీసం జవాబు ఇస్తారు.

నైట్_డ్యూటీ_నర్స్

వేలం సంగతి నాకు తెలియదు, ఆ ఉత్తరంలో నా పేరూ పెట్టండి. పార్కు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

పాత_కిరాణా

రాసేటప్పుడు ఇదీ రాయండి. మన తెలుగు షాపులు చాలావరకు మిడిల్స్‌బరోలో టీసైడ్ యూనివర్సిటీ పిల్లల మీద బతికినవే. 2024 జనవరి నుంచి మాస్టర్స్‌కి వచ్చేవాళ్లు చాలామంది భార్యనో భర్తనో వెంట తెచ్చుకోవడానికి వీల్లేకుండా పోయింది. కుటుంబం ఉంటే నెలకి బియ్యం బస్తా, ఒంటరి కుర్రాడు ఉంటే రెండు నూడుల్స్ ప్యాకెట్లు. ఒక్క రకం గిరాకీని నమ్ముకుని అయిదేళ్ల లీజు తీసుకోమని ఎవరికీ సలహా ఇవ్వొద్దు.

హై స్ట్రీట్ మీద కౌన్సిల్ నడిపే ఎంటర్‌ప్రైజ్ ఆర్కేడ్ ఉంది కదా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చిన్న యూనిట్లు ఇస్తారు. మా ఆవిడ పొడులు, పచ్చళ్లు అక్కడ పెట్టి చూద్దామంటోంది. నడవకపోతే ఎన్ని రోజుల నోటీసుతో ఖాళీ చేయొచ్చో, కప్పు కారితే ఎవరు చూస్తారో రాతపూర్వకంగా ఇస్తే వస్తాం. ఈ మధ్య అక్కడ యూనిట్ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి.