గేమింగ్‌కి సౌండ్ కార్డు కొనాలా, బోర్డు మీదున్న ఆడియో చాలా?

బ్రోడీపేట_బుల్లోడు
అన్నలూ, గుంటూరు బ్రోడీపేటలో రూమ్ తీసుకుని ఉంటున్నా, బీటెక్ మూడో ఏడు. ఈమధ్యే పీసీ కట్టించా. హెచ్610 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ఆడియో చిప్ ఏఎల్‌సీ897. ఆడేది వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2. హెడ్‌సెట్ 3.5 జాక్‌ది, క్యాబినెట్ ముందున్న పోర్టులో పెడతా. ఏమీ మోగనప్పుడు సన్నగా ‘సుయ్’ మని వస్తోంది, మౌస్ కదిపితే ఆ సౌండ్ మారుతోంది. మైకులో కూడా ‘గుయ్’ అంటోందని టీమ్ వాళ్లు తిడుతున్నారు. విజయవాడలో ఒక షాపులో అడిగితే సౌండ్ కార్డు వేసేయ్, 9 వేలవుద్ది అన్నారు. నాన్నని అడగాలి. వేయించమంటారా?

అసెంబ్లింగ్_బాబాయ్
వేయించెయ్ తమ్ముడూ. 1999 నుంచి బెజవాడలో సిస్టమ్స్ బిగిస్తున్నా, చెప్తున్నా విను. సౌండ్ బ్లాస్టర్ లైవ్ రోజుల్లో షాపు ముందు స్పీకర్లు పెట్టి గేమ్ వేస్తే ఏలూరు రోడ్డు మీద పోయేవాళ్లు సైకిల్ ఆపి చూసేవాళ్లు. నీ బోర్డు మీదున్న చిప్ మదర్‌బోర్డు వాడు ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి ఇచ్చింది. పైన ప్రాసెసర్‌కి కరెంటిచ్చే సర్క్యూటు, పక్కన గ్రాఫిక్స్ కార్డు, మధ్యలో అది ఒక మూల పడుంటుంది. ఆ రొదంతా నీ చెవిలోకి రాక ఎక్కడికి పోద్ది? కార్డు అంటే దానికి విడిగా డాక్ (అంకెల్లో ఉన్న ఆడియోని కరెంటుగా మార్చే చిప్), విడిగా హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, పైన రేకు కవరింగు. సౌండ్ బ్లాస్టర్ ఏఈ-5 అట్ట మీద, రొద కంటే అసలు సౌండ్ ఎంత పైన ఉంటుందో చెప్పే లెక్క 122 డెసిబెల్స్ అని రాసుంటుంది. అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

కొత్తపేట_కింగ్
బాబాయ్ చెప్పాడంటే ఫిక్స్.

పటమట_పిడుగు
బాబాయ్ గారూ, పెద్దవారు, కానీ మీరు చెప్పేది విండోస్ విస్టా రాకముందు మాట. లైవ్, ఆడిజీ, ఎక్స్-ఫై అనే సౌండ్ బ్లాస్టర్ కార్డుల కాలంలో కార్డు మీదున్న చిప్ నిజంగానే పనిచేసేది. ఏ శబ్దం ఎంత దూరంలో ఉంది, గదిలో ఎలా మారుమోగాలి, ఆ లెక్కలన్నీ ఈఏఎక్స్ పేరుతో కార్డే చేసేది. 2007లో విస్టాతో డైరెక్ట్‌సౌండ్‌కి, అంటే గేములు ఆడియో పంపే విండోస్ దారికి, హార్డ్‌వేర్ సాయం తీసేశారు. అప్పటి నుంచి ఆ లెక్క ప్రాసెసర్ మీదే, ఇప్పటి ప్రాసెసర్లకి అదొక పనే కాదు. గేమ్ అంతా కలిపి తయారుచేసిన ఆడియో ఇస్తుంది, చిప్ దాన్ని కరెంటుగా మార్చి జాక్‌కి పంపుతుంది, అంతే.

అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో చెప్పేది గేమ్‌లో ఉన్న హెచ్‌ఆర్‌టీఎఫ్ (రెండు చెవులకి శబ్దం ఏ తేడాతో చేరుతుందో లెక్కకట్టే పద్ధతి). వాలరంట్‌లో 2021లో వచ్చింది, కౌంటర్ స్ట్రైక్‌లోనూ ఉంది. తమ్ముడు కార్డు కొని దాని సాఫ్ట్‌వేర్‌లో 7.1 సరౌండ్ కూడా ఆన్ చేశాడనుకోండి, గేమ్ ఒకసారి, కార్డు ఒకసారి అదే పని చేసి వెనకున్నవాడు పక్కనున్నట్టు వినపడతాడు.

ఇక ఆ 122 డెసిబెల్స్. సీడీకి సరిపోయే 16 బిట్‌లో పట్టేదే 96. బ్రోడీపేట రూములో నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే మిగతాది ఎవడికి వినపడుద్ది?

అసెంబ్లింగ్_బాబాయ్
బ్యాటిల్‌ఫీల్డ్ 2లో ఎక్స్-ఫై వేసినవాళ్లకే ఆడియో క్వాలిటీలో అన్నిటికంటే పై ఆప్షన్ వచ్చేది. వేశాం, విన్నాం. నా చెవులు అబద్ధం చెప్పాయా?

పటమట_పిడుగు
ఆ గేమ్ 2005ది బాబాయ్ గారూ. నేనూ అదే అంటున్నా. ఆ తర్వాత విండోస్ మారింది.

అసెంబ్లింగ్_బాబాయ్
విండోస్ మారింది సరే, చెవి మారిందా?

లబ్బీపేట_లక్కీ
నేను సౌండ్ కార్డు వేయించాక గేమ్ రేంజే మారిపోయింది. కళ్లు మూసుకుని కొనెయ్ బ్రో.

పటమట_పిడుగు
లక్కీ, నీ హెడ్‌సెట్ ఏది?

లబ్బీపేట_లక్కీ
వైర్‌లెస్ బ్రో, యూఎస్‌బీ డాంగిల్ వస్తుంది కదా, అది.

పటమట_పిడుగు
మరి ఆ కార్డులో నువ్వు ఏం గుచ్చావు?

లబ్బీపేట_లక్కీ
ఏమీ గుచ్చలా. కార్డు లోపలుంటే చాలు కదా?

పటమట_పిడుగు
చూశారా బాబాయ్ గారూ? యూఎస్‌బీ హెడ్‌సెట్‌కి డాక్ దాని లోపలే ఉంటుంది. ఆడియో సౌండ్ కార్డు గుమ్మం కూడా తొక్కదు. ఇతనికి ఇది అమ్మినవాడు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

బుల్లోడూ, ముందు హెడ్‌సెట్‌ని వెనక వైపు జాక్‌లో పెట్టి చూడు. ముందు పోర్టు నుంచి ఒక సన్న కేబుల్ బోర్డు అడుగు అంచున గ్రాఫిక్స్ కార్డు కింద నుంచి పాకుతూ మూలనున్న ఆడియో పిన్నుల దాకా పోతుంది. మౌస్ కదిపితే స్క్రీన్ మారుద్ది, గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు మారుద్ది, ఆ చప్పుడు ఈ కేబుల్ ఎక్కుద్ది. నీకు వినపడేది చాలావరకు అదే.

అసెంబ్లింగ్_బాబాయ్
వెనక పెట్టుకోవాలంట. రోజూ టేబుల్ కిందకి దూరి గుచ్చుకోవాలా? ముందు పోర్టు ఇచ్చింది దేనికి మరి?

తాడేపల్లి_టెక్
ఒక చిన్న మాట. మైక్రో ఏటీఎక్స్ బోర్డుల్లో సౌండ్ కార్డు గుచ్చే చిన్న పీసీఐఈ స్లాటు చాలావాటికి గ్రాఫిక్స్ కార్డు కిందే ఉంటుంది. రెండున్నర స్లాట్ల మందం ఉన్న కార్డయితే అది పూర్తిగా మూసుకుపోతుంది. పట్టినా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకి అడ్డం. కొనేముందు తలుపు తీసి చూసుకోండి.

బ్రోడీపేట_బుల్లోడు
తీసి చూశా అన్నా. స్లాటు సగం కనపడుతోంది. గుచ్చితే ఫ్యానుకి తగులుద్దేమో.

అసెంబ్లింగ్_బాబాయ్
రైజర్ కేబుల్ (కార్డుని స్లాటుకి దూరంగా పెట్టుకోనిచ్చే వైరు) వేసుకోవచ్చు.

పటమట_పిడుగు
శబ్దం పోగొట్టడానికి కార్డు, కార్డు పట్టించడానికి రైజరు. రేపు ఆ రైజరు పట్టడానికి కొత్త క్యాబినెట్ అంటారు.

ఎర్త్_వైర్
అందరూ ఆగండి. అబ్బాయీ, క్యాబినెట్ ముట్టుకుంటే చిరచిరమంటోందా? ప్లగ్గు మూడు పిన్నులదేనా, గోడ సాకెట్‌లో ఎర్తు ఉందా? టెస్టర్ తీసుకుని క్యాబినెట్ వెనక స్క్రూ మీద పెట్టి చెప్పు.

పటమట_పిడుగు
ఎర్త్ గారూ, ఆయన వాడేది హెడ్‌ఫోన్. గ్రౌండ్ లూప్ రావాలంటే కరెంటు ప్లగ్గున్న స్పీకర్లో, యాంప్లిఫయరో ఉండాలి, ఎర్తుకి రెండో దారి కావాలి. హెడ్‌ఫోన్‌కి ఆ రెండో దారి ఎక్కడిది?

ఎర్త్_వైర్
లూప్ అని నేనన్నానా? ఎర్తు ఉందా లేదా అని అడిగా. ఎర్తు లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటిచ్చే డబ్బా) ఉండే చిన్న కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద 230లో సగం దాకా వోల్టేజీ నిలబడుతుంది. కరెంటు బహు తక్కువ కాబట్టి మనిషికి చిరచిర, టెస్టర్‌లో లైటు. చెవిలో వినపడినా వినపడకపోయినా మైకు మాత్రం దాన్ని పట్టేస్తుంది. అతను మొదటి పోస్టులోనే మైకు ‘గుయ్’ అంటోందన్నాడు. ఇంతసేపూ అందరూ చెవుల గురించే కొట్టుకుంటున్నారు, మైకు సంగతి ఒక్కరైనా ఎత్తారా?

పటమట_పిడుగు
మైకు బూస్ట్ (మైకు సౌండ్ పెంచే సెట్టింగ్) +30 డెసిబెల్స్‌లో పెట్టుంటాడు. +10కి తగ్గించి, మైకు నోటి దగ్గరకి జరుపుకుంటే సరి.

ఎర్త్_వైర్
అది గొంతు పిసికి దగ్గు ఆపినట్టు. చేసుకోనీ, తప్పులేదు. టెస్టర్ మాత్రం పెట్టమను.

బ్రోడీపేట_బుల్లోడు
వెనక జాక్‌లో పెడితే ‘సుయ్’ చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. మైకు ‘గుయ్’ మాత్రం అలాగే ఉంది. టెస్టర్ పెడితే లైటు వెలుగుతోంది! చేత్తో క్యాబినెట్ స్క్రూ పట్టుకుని మాట్లాడితే ‘గుయ్’ మారుతోందని ఫ్రెండ్ చెప్పాడు. సాకెట్ పాతది, రెండు రంధ్రాలే. నేను రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి వాడుతున్నా.

ఎర్త్_వైర్
ఆ కన్వర్టర్ తీసి అవతల పారెయ్. అది ఎర్తు పిన్నుని గాల్లో వదిలేస్తుంది. దాని మీద 9 వేల కార్డు పెట్టినా ఆ గ్రౌండూ ఈ క్యాబినెట్‌దే, మైకు ‘గుయ్’ మంటూనే ఉంటుంది. ఇంకో మాట, ఎవడైనా న్యూట్రల్ తీసి ఎర్తు పిన్నుకి కలుపుదామంటే ఒప్పుకోకు. ఎక్కడైనా న్యూట్రల్ ఊడిందా, క్యాబినెట్‌కి 230 వచ్చేస్తుంది.

అసెంబ్లింగ్_బాబాయ్
ఎర్తు వేయించుకో, కార్డు కూడా వేయించుకో. రెండూ మంచివే. పిడుగు గారూ, ఒకటి అడుగుతా చెప్పండి. మీరు వాడే హెడ్‌ఫోన్ ఏది?

పటమట_పిడుగు
డీటీ 990, 250 ఓమ్స్‌ది. దేనికి?

అసెంబ్లింగ్_బాబాయ్
బోర్డు మీద గుచ్చుతున్నారా?

పటమట_పిడుగు
లేదు, బయట పెట్టుకునే యూఎస్‌బీ డాక్-యాంప్ ఉంది. 250 ఓమ్స్‌ని, అంటే అంత ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న హెడ్‌ఫోన్‌ని, మామూలు బోర్డులు గట్టిగా వాయించలేవు. ఈ అబ్బాయిది 32 ఓమ్స్ హెడ్‌సెట్ అయి ఉంటుంది, దానికి ఏఎల్‌సీ897 ధారాళంగా సరిపోతుంది.

అసెంబ్లింగ్_బాబాయ్
అదీ సంగతి! తమరికేమో బయట డబ్బా కావాలి, కుర్రాడికేమో బోర్డు చాలు. పైగా నీతులు.

పటమట_పిడుగు
నా డబ్బాకి పెట్టింది నా జీతం. అతను అడిగేది వాళ్ల నాన్నని. మీకు తేడా తెలియదా?

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. కంప్యూటర్ కొందామని పోతే షాపాయన ‘చదువుకునే పిల్లాడికి మంచి సౌండ్ ఉండాలండీ’ అని నాన్నకి చెప్పి సౌండ్ కార్డు కూడా అంటగట్టాడు. మా ఇంట్లో ఉన్నవి 300 రూపాయల స్పీకర్లు. నాన్న ఏమీ అడగలేదు. అడగడం ఆయనకి చేతకాదు, ఎదుటివాడు టై కట్టుకున్నాడు. వాయిదాలు తీరేదాకా కొత్త చెప్పులు కొనుక్కోలేదాయన. నాకు కార్డుల మీద ద్వేషం లేదు బాబాయ్ గారూ. ఆ కౌంటర్ వెనక నుంచి వచ్చే ‘వేయించెయ్, ఆలోచించకు’ మాట మీదే.

కొత్తపేట_కింగ్
🙏

అసెంబ్లింగ్_బాబాయ్
మీ నాన్నగారికి జరిగింది తప్పే. ఆ షాపు నాది కాదు. కానీ నా తరఫున కూడా ఒకటి వినండి. మీలాంటి చదువుకున్నవాళ్లు నెట్‌లో ‘ఇది అక్కర్లేదు, అది అక్కర్లేదు’ అని రాస్తారు. కుర్రాళ్లు నా దగ్గరకొచ్చి గంటసేపు కూర్చుని ఏ బోర్డు, ఏ ఎస్‌ఎంపీఎస్, అన్నీ రాయించుకుని వెళ్లి ఆన్‌లైన్‌లో పెడతారు. వచ్చిన సామాను బస్తాలో వేసుకుని మళ్లీ నా దగ్గరికే, ‘అన్నా, బిగించవా’ అంటూ. బోర్డు పోతే ‘మీరు బిగించేటప్పుడే పోయింది’ అని గొడవ. ప్రాసెసర్ మీద నాకు మిగిలేదేంటో మీకు తెలుసా? ఏమీ ఉండదు. క్యాబినెట్, కీబోర్డు, ఇలాంటి కార్డు, వీటి మీదే షాపు అద్దె కట్టాలి. గంటసేపు నేను చెప్పిన మాటకి ఎవడూ డబ్బులివ్వడు. అందుకే కార్డులో కలుపుతారు. ఎవరూ బయటికి చెప్పరు గానీ వ్యాపారం ఇదే.

పటమట_పిడుగు
అయితే మాటకే డబ్బులు అడగండి. చూసినందుకు 300 అని బోర్డు పెట్టండి, ఇస్తారు.

అసెంబ్లింగ్_బాబాయ్
బెజవాడలోనా? బోర్డు పెడితే పక్క షాపుకి పోతారు, అక్కడ చూడటం ఫ్రీ. మీరు పెట్టి చూడండి షాపు.

పటమట_పిడుగు
అందుకని అవసరం లేనిది అమ్ముతారా?

అసెంబ్లింగ్_బాబాయ్
ఎర్తు లేదని నాకేం తెలుసు? ఆయన షాపుకి పీసీ తేలేదు, ఫొటో పెట్టలేదు. ఇక్కడ మీరూ కార్డు వద్దన్నారు, ఎర్తు గురించి మీకూ తెలియదు. ఇద్దరం గాల్లోనే చెప్పాం.

పటమట_పిడుగు
నా మాట గాల్లోదైతే అతనికి ఖర్చయ్యేది సున్నా. మీ మాట గాల్లోదైతే 9 వేలు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త నిదానించండి. లక్కీని ఆటపట్టించిన రెండు పోస్టులు తీసేశాను.

బ్రోడీపేట_బుల్లోడు
నాన్నకి ఫోన్ చేశా. 9 వేల సంగతి చెప్పలేదు, షాక్ కొడుతోందని మాత్రం చెప్పా. ఇంటి ఓనర్‌తో మాట్లాడతా అన్నారు. ఓనర్ ఆంటీ ‘ఇన్నేళ్లు అద్దెకున్నవాళ్లెవరికీ కొట్టని షాక్ నీకే కొట్టిందా’ అంటున్నారు. కింద వరండాలో మోటార్ దగ్గర ఎర్తు ఉందంట. అక్కడి నుంచి పై రూముకి వైరు లాగొచ్చా ఎర్త్ గారూ?

ఎర్త్_వైర్
లాగొచ్చు, నువ్వు మాత్రం చెయ్యకు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ముందు మోటార్ ఎర్తు పనిచేస్తోందో లేదో మీటరుతో చూడమను. ఫేజుకీ ఎర్తుకీ మధ్య లోడు పెట్టి చూడాలి, ఊరికే టెస్టర్ పెడితే తెలియదు. గుంటూరు ఎండలకి గుంతలో ఉప్పూ బొగ్గూ ఎండిపోయి ఎర్తు పేరుకే ఉంటుంది. నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో ఆంటీని అడుగు. అప్పటిదాకా మైకు బూస్ట్ తగ్గించుకుని ఆడుకో, క్యాబినెట్ మీద తడి చెయ్యి పెట్టకు.

తాడేపల్లి_టెక్
ఎర్తు వచ్చాక కూడా ‘సుయ్’ మిగిలితే చిన్న యూఎస్‌బీ-3.5 అడాప్టర్ ఒకటి చూడు. మైకు కూడా కావాలి కాబట్టి మూడు గీతలు, నాలుగు భాగాలు ఉన్న జాక్ పట్టేదే తీసుకో, మామూలు హెడ్‌ఫోన్ అడాప్టర్లలో కొన్నిటికి మైకు పనిచెయ్యదు. కార్డు ధరలో పదో వంతు కూడా అవ్వదు.

అసెంబ్లింగ్_బాబాయ్
అది కూడా మా దగ్గర దొరుకుద్ది.

లబ్బీపేట_లక్కీ
ఇంతకీ నా సౌండ్ కార్డు ఎవరికైనా కావాలా? ఒక్కసారి కూడా జాక్ గుచ్చలేదు, 4 వేలకిస్తా.

అసెంబ్లింగ్_బాబాయ్
బాక్సు ఉందా? బిల్లు ఉందా?