తాడు కాలినా… పురా, మెలా?

పాత పలక:
ఒక మాట వారం నుంచి బుర్ర తొలిచేస్తోంది. మొండివాళ్ళ గురించి మా అమ్మమ్మ “తాడు కాలినా ___ పోలేదు” అనేది. ఆ ఖాళీలో పురా, మెలా? ఎవరైనా విన్నారా?

పని ఉండే అడుగుతున్నాను. రంధ్రాలున్న అయస్కాంత నానో పదార్థాల మీద వ్యాసం రాస్తున్నాను. సబ్బు జాతి అణువులు నీళ్ళలో తాళ్ళలా పేనుకుంటాయి. చుట్టూ సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) గట్టిపడ్డాక సుమారు 550 డిగ్రీల దగ్గర కాలిస్తే తాడు పోతుంది, మెలితిరిగిన సొరంగం మిగులుతుంది. 2004లో షాంఘైలో షునాయ్ చే అనే రసాయన శాస్త్రవేత్త బృందం చేసిన సిలికా కడ్డీలు ఇలాంటివే. సిలికా మూసల్లో ఐరన్ నైట్రేట్ నింపి వేడిచేసి, ఆ తర్వాత కాస్టిక్ సోడాతో సిలికాను కరిగించేస్తే ఐరన్ ఆక్సైడ్ నిలుస్తుంది. గోడలున్న చోటల్లా రంధ్రాలు. అమ్మమ్మ మాటనే శీర్షికగా పెట్టాలని నా కోరిక.

గాదె కింద:
పురే. పురి ఎక్కించడం, పురి విప్పడం, పురికొస, అన్నీ తాడు మాటలే. ఒక్కసారి తిప్పినా మెలే. పేటలు కలిపి పేనితేనే పురి. మా ఇంట్లో గడ్డివెంటి (పేనిన గడ్డి తాడు) చుట్టి ధాన్యానికి కట్టేదాన్నీ పురే అనేవాళ్ళం. చుట్టూ మెలి, లోపల డొల్ల. మీ పదార్థం అచ్చంగా అదే కదా!

ఇరానీ చాయ్:
అసలు ఇది తెలుగు సామెతేనా? మా హైదరాబాద్‌లో “రస్సీ జల్ గయీ, బల్ నహీఁ గయా” అని రోజూ వింటాం. బల్ అంటే మెలి. మనకు చింత చచ్చినా పులుపు చావలేదన్నది ఉండగా తాడెందుకు కాలుస్తాం?

పాత పలక:
అమ్మమ్మ తెనాలి దాటి ఎరగదండీ.

వలపలి గిత్త:
పురికే నా ఓటు, కారణం మాత్రం వేరు. ఈ పదార్థాల్లో అసలు విశేషం మెలి ఎటు తిరిగిందన్నది. తమిళులు కుడి వైపు తిరిగిన శంఖాన్ని వలంపురి అంటారు. ఆ పురి మన పురే. వలపల కుడి, దాపల ఎడమ కాబట్టి వలపురి, దాపురి అని మనమూ అనుకోవచ్చు. మెలి ఎటన్న ఆ గుణానికి ‘చేతివాటం’ ఎంతో చక్కటి మాట, కానీ పేపర్లవాళ్ళు దాన్ని దొంగతనానికి అంటగట్టేశారు. ఇంకోటి, మూసను ‘అచ్చు’ అనకండి. అచ్చక్షరం కుడిఎడమలు తిరగేస్తుంది. ఇక్కడ బోల్టుకు నట్టులాగా, సొరంగం కుడిమెలి అయితే అందులో పోతపోసినదీ కుడిమెలే.

గాదె కింద:
దాపల అంటే ఎడమని అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? పోతన “ఆ మూల సౌధంబు దాపల” అన్నచోట ఏం చేస్తారు? నేను చూసిన వ్యాఖ్యలు దగ్గర అనే చెబుతాయి. దాపు నుంచి దాపల.

వలపలి గిత్త:
కాడికి కట్టిన రెండో ఎద్దుని అడగండి. పోతన పొలం దున్నుకున్న కవి అని చెప్పుకుంటాం. అరక పట్టిన చెయ్యి రాసిన దాపల, ఎడమ కాకుండా ఎలా పోతుంది?

గాదె కింద:
ఏనుగు పిలిచినప్పుడు స్వామి ఏ వైపున ఉన్నాడన్నది పోతన్నకు పట్టలేదండీ. నగరు, సౌధం, మందారవనం, సరస్సు అంటూ ఒక్కో అడుగూ లోపలికి తీసుకెళతాడు. ఆ నడకలో ‘దగ్గర’ అంటేనే చెవికి ఇంపు. ఆ పద్యం చదివిన ప్రతిసారీ నేను ఆ మేడ పక్క నుంచే నడుస్తాను.

లోలకం:
పద్యం తర్వాత చూద్దాం మాస్టారూ. కిట్-6 అనే సిలికాలో కుడిమెలి సొరంగాల అల్లికొకటి, ఎడమమెలి అల్లికొకటి ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. దాన్ని ఏ పురి అందాం?

వలపలి గిత్త:
జంటపురి.

గాదె కింద:
పెనపురి. పెనవేయడంలోనే జంట ఉంది.

పాత పలక:
ఇప్పుడే మా పిన్నికి ఫోన్ చేశాను. పురీ కాదు, మెలీ కాదు, అమ్మమ్మ “తాడు కాలినా ముడి పోలేదు” అనేదట.

గాదె కింద:
పిన్నిగారిని ఇంకొక్కసారి అడగండి.