పది డాలర్ల లోపు వైన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

డాలస్_బావ:
ఫ్రెండ్స్ ఒక డౌట్. నేనూ మా ఆవిడా వీకెండ్‌కి ఒక బాటిల్ తెచ్చుకుంటాం, బడ్జెట్ పది డాలర్లు దాటదు. లేబుల్ వెనకాల బ్లాక్‌బెర్రీ, చాక్లెట్, లెదర్ అని ఏదేదో రాస్తారు, నాకు మాత్రం ఒక్కటీ తగల్లేదు. ముప్పై డాలర్లది ఎవరో ఇస్తే తాగాం, పెద్ద తేడా తెలీలేదు. చీప్‌లో మంచిది ఏదో ఎలా పట్టుకోవాలి? మా ఇంట్లో కారం ఎక్కువ, అదొకటి.

సీమ_రుచి:
లెదర్ గిదర్ వదిలెయ్ అన్నా. పులుపు, వగరు, తీపి, ఇవి ఒకదాన్నొకటి తొక్కెయ్యకుండా ఉన్నాయా చూడు చాలు. నేరేడుపళ్ళు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది కదా, రెడ్‌లో ఆ వగరు టానిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, కొంచెం ఉండాల్సిందే. మింగాక గొంతులో స్పిరిట్‌లా మండిందంటే మాత్రం బాలెన్స్ పోయినట్టే. చీప్ రెడ్స్ చాలావాటిలో కాస్త చక్కెర మిగిలేలా చేస్తారు, అందుకే మొదటి గుక్క అదిరిపోతుంది, సగం గ్లాసుకే మొహం మొత్తుతుంది. నేనైతే మొదటి గుక్కకి మార్కులే వెయ్యను, భోంచేస్తూ రెండో గ్లాసు పోసుకోబుద్ధయిందా లేదా అంతే. ఇంకా రూమ్ టెంపరేచర్ అంటే మీ టెక్సాస్ రూమ్ కాదు, రెడ్‌ని ఒక ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. వైట్ మరీ చల్లగా తాగితే వాసనే తెలీదు, బాగోని బాటిల్ ఖాళీ చెయ్యాలంటే అదే మంచి ఉపాయం 😄

బే_ఏరియా_బాబాయ్:
ఇదంతా భ్రమే బ్రో. ట్రేడర్ జోస్ సూపర్‌మార్కెట్లలో 2002లో 1.99 డాలర్లకి వచ్చిన చార్ల్స్ షా బ్రాండ్ వైన్ తెలుసుగా, దాని షార్డొనే అనే వైట్‌కి 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో డబుల్ గోల్డ్ మెడల్ ఇచ్చారు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే వైన్ తయారీదారు అదే పోటీలో జడ్జీలకి చెప్పకుండా ఒకే బాటిల్ నుంచి మూడు సార్లు పోయించి చూస్తే, నిలకడగా మార్కులు వేసింది పది మందిలో ఒక్కరు.

సీమ_రుచి:
బాబాయ్, వాళ్ళు ఒక్కో విడతలో ముప్పై దాకా రుచి చూస్తారు, అన్నేసి తాగితే ఎవరి నాలుకైనా మొద్దుబారదా? మెడల్ స్టిక్కర్ చూసి కొనొద్దు అను ఒప్పుకుంటా, రుచే లేదంటే ఎలా. బావా, నువ్వు రెండు బాటిళ్ళు కాగితం సంచుల్లో చుట్టి మీ ఆవిడతో పోయించు, ధర తెలీకుండా తాగితే నీకేం నచ్చుతుందో నీకే తెలుస్తుంది.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
కారం సంగతి నేను చెప్తా. ఆల్కహాల్, వగరు రెండూ కారాన్ని ఇంకా మండిస్తాయి, కోడివేపుడుతో 15 శాతం ఆల్కహాల్ ఉన్న క్యాబర్నే లాంటి వగరు రెడ్ తాగితే నీళ్ళ కోసం పరిగెత్తాలి. వైట్స్‌లో కాస్త తీపున్న రీస్లింగ్ గానీ పోర్చుగల్ విన్యో వెర్డే గానీ చూడండి, లేబుల్ మీద ఆల్కహాల్ 12 శాతం లోపు ఉన్నవి. మేమిక్కడ నాసిక్ చెనిన్ బ్లాంక్ అనే వైట్‌తో లాగిస్తున్నాం, కాకపోతే ఏసీ లేని షాపులో ఎండాకాలమంతా నిలబెట్టిన బాటిల్ అస్సలు కొనను, కార్క్ పైకి పొంగి ఉంటే వేడికి పాడైనట్టే. మూత తిప్పేదైతే చీప్ అనుకోకండి, పాడైన కార్క్ వల్ల వైన్‌కి పట్టే తడిసిన అట్ట వాసన గొడవ దాంట్లో తక్కువ.

డాలస్_బావ:
సంచి ఐడియా మా ఆవిడకి తెగ నచ్చింది, అందులో ఒకటి రీస్లింగే తెస్తా. గుత్తొంకాయకి కూడా అదే పనికొస్తుందా?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
నువ్వుల పొడి, పల్లీలు దట్టంగా వేస్తారుగా, దానికి తేలికపాటి రెడ్ చల్లగా పెట్టుకుని చూడండి, గామే లాంటిది.