చికాగోలో వలస దాడులు: నగరమూ రాష్ట్రమూ ఫెడరల్ ప్రభుత్వాన్ని ఎలా ఎదిరించగలుగుతున్నాయి?

ప్రశ్న (డాలస్ నివాసి):

నేను టెక్సాస్‌లో ఉంటాను. వలస చట్టం విషయంలో ఫెడరల్ అధికారులకు సహకరించవద్దని ఏ నగరమూ తన పోలీసులకు చెప్పకూడదని ఇక్కడ 2017లోనే చట్టం చేశారు. అందువల్ల చికాగోలో జరుగుతున్న తగవు నాకు కొత్తగా తోస్తోంది. 2025 సెప్టెంబరులో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ‘ఆపరేషన్ మిడ్‌వే బ్లిట్జ్’ పేరుతో అక్కడ దాడులు మొదలుపెట్టిన నాటి నుంచి వార్తలు చదువుతూనే ఉన్నాను గానీ రెండు సంగతులు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వలస వ్యవహారం ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోనిదైనప్పుడు, రాజ్యాంగం ప్రకారం ఫెడరల్ చట్టానిదే పైచేయి అయినప్పుడు, ఒక మేయరు గానీ గవర్నరు గానీ ‘మేము సహకరించము’ అని ఎలా అనగలుగుతున్నారు, కోర్టులు దాన్ని ఎందుకు ఒప్పుకుంటున్నాయి? ఇక రెండవది. 2022 నుంచి మా గవర్నర్ గ్రెగ్ అబాట్ బస్సుల్లో పంపిన వలసదారుల భారం మోయలేక అదే చికాగోలో జనం తమ నగర ప్రభుత్వం మీద మండిపడ్డారు గదా. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఊరే ఫెడరల్ ఏజెంట్ల మీద తిరగబడటం నిజమైన ప్రజాగ్రహమేనా, లేక డెమొక్రటిక్ పార్టీ నడిపించిన తంతా? విషయం తెలిసినవారు నినాదాలు పక్కన పెట్టి వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (చట్టం చదివేవారు):

మీ మొదటి ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఫెడరల్ చట్టం అమలుకు రాష్ట్రం అడ్డు తగలకూడదన్నది ఒకటి. ఆ చట్టాన్ని రాష్ట్రమే తన సిబ్బందితో, తన డబ్బుతో అమలు చేసిపెట్టాలన్నది మరొకటి. మొదటిది రాజ్యాంగం చెప్పే మాటే. రెండవ దానికి ఆస్కారం లేదని సుప్రీంకోర్టు 1992లోనూ, 1997లోనూ, మళ్లీ 2018లోనూ తేల్చిచెప్పింది. వీటిలో 1997 నాటి ప్రింట్జ్ కేసు ఆసక్తికరమైనది. తుపాకి కొనేవారి పూర్వాపరాలను స్థానిక అధికారులు విచారించాలన్న బ్రేడీ చట్టపు నిబంధనను మోంటానాకు చెందిన ఒక షెరీఫ్ సవాలు చేయగా, ఫెడరల్ ప్రభుత్వం స్థానిక అధికారులను తన బంట్లుగా వాడుకోజాలదని 5-4 మెజారిటీతో తీర్పు వచ్చింది. దాన్ని రాసినవారు జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా. తుపాకి హక్కుల పక్షంవారు అప్పట్లో సంబరపడిన ఆ తీర్పును ఆసరా చేసుకునే నేడు శాంక్చువరీ నగరాలు (వలస చట్టం అమలులో ఫెడరల్ అధికారులకు సహకరించని నగరాలు) నిలబడుతున్నాయి. ఇల్లినాయ్ రాష్ట్రం మీద, చికాగో ఉన్న కుక్ కౌంటీ మీద, చికాగో మీద ట్రంప్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వేసిన దావాను జులైలో జడ్జి లిండ్సే జెంకిన్స్ కొట్టివేసినదీ ఈ సూత్రం మీదనే.

ఇది నిన్న మొన్న పుట్టిన విధానమని కూడా అనుకోవద్దు. చికాగోలో దీనికి 1985లో మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ జారీ చేసిన ఉత్తర్వు మూలం. వలస అధికారులకు స్థానిక పోలీసుల సహకారాన్ని రాష్ట్రమంతటా పరిమితం చేసే ట్రస్ట్ యాక్ట్ మీద 2017లో సంతకం చేసిన గవర్నర్ బ్రూస్ రౌనర్ రిపబ్లికన్. ఈ సంగతి ఇరుపక్షాలవారూ సౌకర్యంగా మరచిపోతుంటారు.

ఆచరణలో తగవు రెండు కాగితాల దగ్గర వస్తుంది. ఒకటి డిటెయినర్. జైలు నుంచి విడుదల కావలసిన మనిషిని తాము వచ్చేదాకా, 48 గంటల వరకు, అదనంగా ఉంచమని ఐస్ (ఫెడరల్ వలస చట్టాల అమలు సంస్థ) అధికారులు పంపేది. అది అభ్యర్థన మాత్రమేనని 2014లో ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. రెండవది ఐ-200 అనే ఫారం. పైన పెద్ద అక్షరాలతో ‘వారెంట్ ఫర్ అరెస్ట్ ఆఫ్ ఏలియన్’ అని ఉంటుంది కాబట్టి చూడగానే కోర్టు వారెంటనే భ్రమ కలుగుతుంది. అడుగున సంతకం చోటు చూస్తే ‘ఆథరైజ్డ్ ఇమిగ్రేషన్ ఆఫీసర్’ అని ఉంటుంది. జడ్జి పేరు ఎక్కడా ఉండదు. అది క్రిమినల్ వారెంటు కాదు, శాఖ తనకు తాను రాసుకున్న సివిల్ పత్రం. జడ్జి సంతకం చేసిన వారెంటు తెస్తే చికాగో పోలీసులు సహకరిస్తారు, ఈ రెండింటిలో ఏది తెచ్చినా సహకరించరు. స్థూలంగా ఇదే వారి విధానం.

నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైనిక దళం) సంగతి వేరు. 2025 అక్టోబరులో గవర్నర్ జేబీ ప్రిట్జ్‌కర్ వద్దన్నా ట్రంప్ గార్డ్‌ను పంపారు. వారిలో సుమారు 200 మంది మీ టెక్సాస్ వారే. దీనికి వాడిన చట్టం ప్రకారం దండయాత్ర గానీ తిరుగుబాటు గానీ ఉండాలి, లేదా సాధారణ బలగాలతో చట్టాలను అమలు చేయలేని స్థితి ఉండాలి. అలాంటిదేదీ లేదని జడ్జి ఏప్రిల్ పెర్రీ అక్టోబరు 9న మోహరింపును నిలిపివేశారు. ఆ ఉత్తర్వును పక్కన పెట్టడానికి డిసెంబరు 23న సుప్రీంకోర్టు సైతం నిరాకరించింది. ట్రంప్ నియమించినవారు ముగ్గురున్న కోర్టు అది.

సమాధానం (చికాగో శివారు నేపర్‌విల్ నివాసి):

చట్టం గురించి పైవారు చెప్పారు కాబట్టి నేను రెండవ ప్రశ్నకే పరిమితమవుతాను.

2023లో ఇక్కడి కోపం బూటకం కాదు. వసతి దొరకక వలస కుటుంబాలు పిల్లాపాపలతో పోలీస్ స్టేషన్ల వరండాలలో పడుకున్న రోజులవి. దశాబ్దాలుగా తమ పేటలకు రాని నిధులు కొత్తవారికి ఎలా పుట్టుకొచ్చాయని దక్షిణ, పశ్చిమ ప్రాంతాల నల్లజాతి ఓటర్లు కౌన్సిల్ సమావేశాలలో నిలదీశారు. బ్రైటన్ పార్క్‌లో గుడారాల శిబిరం పెట్టబోతే స్థానికులు రోడ్డెక్కారు. 2024లో ట్రంప్‌కు నగరంలో గతం కంటే ఓట్లు పెరగడానికి ఇది కొంత కారణమని నా అభిప్రాయం. 2025 జనవరిలో పోలీసుల సహకారానికి కొంత వీలు కల్పించే ప్రతిపాదన కౌన్సిల్‌లో 39-11 తేడాతో ఆగిపోయినా, అసలు ఆ చర్చ అంతదూరం రావడమే ఇక్కడి వాతావరణం ఎంత మారిందో చెబుతుంది.

అంటే ఫెడరల్ ప్రభుత్వం వచ్చేనాటికి ఈ నగరంలో దాని వాదన వినడానికి సిద్ధంగా ఉన్నవారు తక్కువేమీ కాదు. వారిని పోగొట్టుకున్నది దాడులు చేసిన తీరు వల్లనే. సెప్టెంబరు 30 అర్ధరాత్రి సౌత్ షోర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ భవనం మీదికి హెలికాప్టరుతో సహా వచ్చి, అమెరికా పౌరులతో కలిపి అక్కడి వారిని చేతులు కట్టి బయట నిలబెట్టారు. సౌత్ షోర్ నల్లజాతి వారు అధికంగా ఉండే ప్రాంతం, వలసదారుల మీద కోపం గట్టిగా ఉన్న చోటు. ఓల్డ్ ఇర్వింగ్ పార్క్‌లో పిల్లల హాలోవీన్ ఊరేగింపుకు కాస్త ముందు బాష్పవాయువు వదిలారు. అది రాజకీయాల జోలికి పోని మధ్యతరగతి ఇళ్ల వీధి. ముసుగులు వేసుకున్నవారు, గుర్తింపు లేని కార్లు వీధిలోకి వచ్చాయంటే ఈలలు వినిపించేవి. లిటిల్ విలేజ్‌లో మొదలైన ఆ పద్ధతి చూస్తుండగానే ఊరంతా పాకింది. మెడలో ఈల వేసుకుని బడి దగ్గర నిలుచున్న తల్లులకు పార్టీ కార్యాలయం నుంచి ఆదేశాలు రావలసిన అవసరం లేదు.

చికాగో శివారు బ్రాడ్‌వ్యూలోని ఐస్ కేంద్రం చుట్టూ వేసిన కంచె సంగతి కూడా చెప్పాలి. ప్రజలు నడిచే వీధికి అడ్డంగా దాన్ని వేశారనీ, అగ్నిమాపక వాహనాలకు దారి లేకుండా పోయిందనీ ఆ చిన్న ఊరి పాలకవర్గం కోర్టుకు వెళ్లి కంచె తీయించింది. బ్రాడ్‌వ్యూ అధికారులు అడిగింది వలస విధానం మార్చమని కాదు, తమ వీధి తమకు వదలమని.

మనవారి విషయానికి వస్తే, పౌరసత్వం ఉన్నవారు కూడా పాస్‌పోర్టు కార్డు జేబులో పెట్టుకుని, భారతీయ దుకాణాలుండే డెవాన్ అవెన్యూకు వెళ్లడం ఆ శరదృతువులోనే మొదలైంది. పైకి ఎవరూ చెప్పుకోరు.

సమాధానం (ఫీనిక్స్ నుంచి):

పై ఇద్దరి సమాధానాలూ బాగున్నాయి గానీ ఒక వాదనకు చోటు దక్కలేదు. జైలులో అప్పటికే ఉన్న మనిషిని అక్కడే అప్పగిస్తే ఇద్దరు అధికారులతో, చప్పుడు లేకుండా పని అయిపోతుంది. ‘మేము అప్పగించము, బయటకు వదిలేస్తాము, కావాలంటే వెతుక్కోండి’ అంటే ఏజెంట్లు వీధుల్లోకి రాక ఏం చేస్తారు? ట్రంప్ ప్రభుత్వంలో సరిహద్దు వ్యవహారాలు చూసే టామ్ హోమన్ పదేపదే చెప్పేది ఇదే. ఆయన మాట తీరు నచ్చకపోవచ్చు గానీ ఈ తర్కంలో పస లేదనలేము. గ్రీన్ కార్డు కోసం దశాబ్దానికి పైగా వరుసలో నిలబడిన మనవారు, నిబంధనలు పాటించినందుకు తామేమైనా తెలివితక్కువవారమా అని అడిగితే దాన్ని ద్వేషమని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. అలాగే ఏజెంట్ల బలప్రయోగాన్ని కట్టడి చేస్తూ జడ్జి సారా ఎల్లిస్ నవంబరులో ఇచ్చిన ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) మరీ విస్తృతంగా ఉందని ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు నిలిపివేసిన విషయం కూడా చెబితే చిత్రం పూర్తవుతుంది.

సమాధానం (చట్టం చదివేవారు):

ఫీనిక్స్ వారు ఎత్తిచూపిన చివరి విషయం నిజమే, దాన్ని నేను ప్రస్తావించి ఉంటే బాగుండేది. జైలు వాదనలోనూ కొంత బలముంది. ఘోరమైన నేరానికి శిక్షపడినవారి విషయంలో రాష్ట్రం ఇంత పట్టుగా ఉండటం నాకూ సమ్మతం కాదు. అయితే ఆ వాదన మిడ్‌వే బ్లిట్జ్‌కు సరిపోదు. వారెంటు లేని అరెస్టులపై ప్రభుత్వం ఒప్పుకోగా 2022లో కోర్టు ఆమోదించిన ఉత్తర్వును ఉల్లంఘించారన్న కేసులో ప్రభుత్వమే కోర్టుకు 614 మంది పేర్ల జాబితా ఇచ్చింది. అందులో ప్రజాభద్రతకు ఎక్కువ ముప్పు ఉన్నవారని ప్రభుత్వమే గుర్తించినది 16 మందిని. మిగిలినవారిలో అత్యధికులు జైలు గడప తొక్కి వదిలివేయబడినవారు కారు. హార్డ్‌వేర్ దుకాణాల పార్కింగులో, తోటపని చేసే చోట, రోడ్డు మీద దొరికినవారు. జైళ్ల తలుపులు తెరిచినా వారి సంఖ్య తగ్గేది కాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. సహకరించకపోవడానికీ అడ్డుకోవడానికీ మధ్య గీత ఇప్పుడు అర్థమైంది. 2025 డిసెంబరులో ఇల్లినాయ్ గవర్నరు సంతకం చేసిన కొత్త చట్టం ఆ గీతకు ఏ వైపున ఉన్నట్టు?

సమాధానం (చట్టం చదివేవారు):

అసలు చిక్కు అక్కడే ఉంది. డిసెంబరు 9 నాటి ఆ చట్టం రాష్ట్ర కోర్టుల పరిసరాలలో సివిల్ అరెస్టులను నిషేధిస్తుంది, రాజ్యాంగ హక్కులకు భంగం కలిగించిన వలస అధికారుల మీద దావా వేసే వీలు పౌరులకు కల్పిస్తుంది. అంతకుముందు అక్టోబరులో మేయర్ బ్రాండన్ జాన్సన్ నగరానికి చెందిన పార్కింగ్ స్థలాలను దాడులకు స్థావరాలుగా వాడరాదని ఇచ్చిన ఉత్తర్వుకు పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. తన స్థలం తాను ఇవ్వనంటోంది, అంతే. కానీ ఫెడరల్ అధికారి ఎక్కడ అరెస్టు చేయవచ్చో, ఎవరికి జవాబు చెప్పుకోవాలో రాష్ట్రం నిర్ణయించబోతే అది సహాయ నిరాకరణ కాదు, నియంత్రణ. ఈ చట్టం మీద ఫెడరల్ న్యాయశాఖ డిసెంబరులోనే దావా వేసింది. కోర్టు ఆవరణ వరకు రాష్ట్రానికి పాత కామన్ లా (పూర్వపు తీర్పుల నుంచి ఏర్పడిన చట్టం) ఆధారాలు దొరకవచ్చు. అధికారుల మీద దావాల భాగం మాత్రం నిలబడటం కష్టమని నా అంచనా. ప్రింట్జ్ తీర్పు అంతదూరం రాదు.