డిసెంబరులో అమ్మగారితో విశాఖపట్నం: మూడు రోజుల్లో అరకు కూడా కుదురుతుందా?

ప్రశ్న (ఓరుగల్లు బాటసారి):

డిసెంబరు రెండో వారంలో మా అమ్మగారిని తీసుకుని వరంగల్ నుంచి విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నాను. బుధవారం ఉదయం దిగి, శుక్రవారం రాత్రి బండికి తిరిగి రావాలి. అమ్మ మామూలుగా బాగానే నడుస్తారు కానీ, మెట్లు ఎక్కి దిగాలంటే మోకాళ్లు పట్టేస్తాయి. సింహాచలం దర్శనం ఆవిడ చిరకాల కోరిక, సముద్రం మా ఇద్దరి కోరిక. వీటికి తోడు అరకు, బొర్రా గుహలు, లంబసింగి కూడా చూసి రమ్మని బంధువులు పట్టుబడుతున్నారు. అక్కడ నివసించిన వారెవరైనా, ఏది ఉంచాలో ఏది వదిలేయాలో చెప్పగలరా?

సమాధానం (ఒకప్పటి ఎం.వి.పి. కాలనీ వాసి):

ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు ఆ ఊళ్లో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ప్రదేశాలను బట్టి కాకుండా దిక్కులను బట్టి రోజులు పంచుకోండి. విశాఖ సముద్రానికీ కొండలకూ మధ్య పొడుగ్గా సాగిన ఊరు. పాత ఊరు, హార్బరు, యారాడ ఒక చివర ఉంటే భీమిలి మరో చివర ఉంటుంది. సింహాచలం వీటితో సంబంధం లేకుండా లోపలి వైపు ఉంది. యారాడనూ భీమిలినీ ఒకే రోజులో పెట్టుకున్నవారికి సముద్రం కన్నా సిగ్నళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

లంబసింగిని మాత్రం ఈసారికి వదిలేయండి. అది అరకు పక్కనే ఉందనుకునేవారు చాలామంది ఉన్నారు కానీ, నగరం నుంచి దానికి నర్సీపట్నం మీదుగా వేరే దారిలో వెళ్లాలి, మంచు విడవకముందే చేరాలంటే నడిరాత్రి బయలుదేరాలి. పెద్దవారితో అయ్యే పని కాదది. నన్నడిగితే అరకు కూడా అక్కర్లేదు.

బుధవారం విశ్రాంతి తీసుకుని సాయంత్రం ఆర్.కె. బీచికి వెళ్లండి. అక్కడ ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసింది. 2002లో దాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. మీరు తప్పక చూడండి కానీ, ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే నడుము వంచి, గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి కాలెత్తి దాటాలి. అమ్మగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికో మురీ మిక్చరు పొట్లం ఇచ్చి వెళ్లడం మేలు. ఆ బీచిలో స్నానానికి మాత్రం దిగవద్దు. నేల ఉన్నట్టుండి లోతుకు జారిపోతుంది, అల వెనక్కి లాగే బలం పైకి కనిపించదు. నీళ్లలో దిగాలనే ఉంటే రుషికొండ నయం, అక్కడైనా మోకాలి లోతు దాటకుండా ఉండండి.

గురువారం ఉదయమే సింహాచలం వెళ్లండి. కొండ పైదాకా ఘాట్ రోడ్డు ఉంది కనుక మెట్ల బాధ చాలావరకు తప్పుతుంది. స్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజే దర్శనమిస్తుంది, మిగతా ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటారు. ఈ సంగతి అమ్మగారికి ముందే తెలిసి ఉంటుంది లెండి.

శుక్రవారం భీమిలి రోడ్డు. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు తొట్లకొండ. బౌద్ధ భిక్షువుల విహారపు ఇటుక పునాదులు, స్తూపం, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు, కింద కనుచూపు మేర సముద్రం. ఇంత ఉన్నా కైలాసగిరి మీద ఉండే జనంలో పదో వంతు కూడా అక్కడ ఉండరు. కారు పైదాకా వెళ్తుంది. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి గానీ, ఇసుకలో నడక కాబట్టి కాసేపు చూసి వచ్చేయండి. భీమిలిలో డచ్చివారి పాత సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి, చీకటి పడకముందే వెనక్కి తిరగండి. కారు కుదరకపోతే రైల్వే స్టేషను నుంచి భీమిలికి 900కె బస్సు ఉంది, కాకపోతే అది తొట్లకొండ ఎక్కదు.

సమాధానం (కొత్తవలస కుర్రాడు):

పైవారు అరకు అక్కర్లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. డిసెంబరు మొదట్లో వలిసె పూలతో లోయంతా పసుపుపచ్చగా ఉండే కాలంలో విశాఖ దాకా వెళ్లి అరకు చూడకుండా రావడం అన్యాయం. అరకు మీదుగా వెళ్లే రైలుమార్గం, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసినది. కిరండూల్ వెళ్లే ఉదయపు బండెక్కితే సొరంగాలూ వంతెనలూ దాటుకుంటూ నాలుగు గంటల్లో అరకు చేరవచ్చు, పైగా కూర్చున్న చోటు నుంచే అన్నీ కనిపిస్తాయి కనుక మోకాళ్లకు శ్రమ లేదు. ఖనిజం బండ్లకు దారి ఇచ్చి ఆగవలసి రావడం వల్ల తిరుగు బండి తరచు ఆలస్యమవుతుంది. అందుకని వచ్చేటప్పుడు కారు మాట్లాడుకుని గాలికొండ, అనంతగిరి కాఫీ తోటల మీదుగా దిగండి. బొర్రా గుహల్లో మాత్రం దిగే మెట్లు చాలా ఉన్నాయి.

ఓరుగల్లు బాటసారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు రైలంటే ఇష్టమే. అలాగైతే గురువారం అరకు పెట్టుకుని, సింహాచలాన్ని శుక్రవారం ఉదయానికి మార్చి, తొట్లకొండకు మధ్యాహ్నం వెళ్తే సరిపోతుందా?

ఒకప్పటి ఎం.వి.పి. కాలనీ వాసి:

సరిపోతుంది, కాకపోతే భీమిలి దాకా వెళ్లే ఆశ వదులుకోవాలి. రాత్రి బండి ఉన్న రోజున తొట్లకొండ నుంచే వెనక్కి రావడం క్షేమం. అరకు వెళ్తున్నారు కనుక ఒక స్వెట్టరు, ఒక శాలువా పెట్టుకోండి. విశాఖ ఉక్కపోతను చూసి వాటిని హోటల్లోనే వదిలేయకండి.

సమాధానం (బురుజుపేట ఆడపడుచు):

పాత ఊళ్లో మా కనకమహాలక్ష్మి అమ్మవారి మాట ఎవరూ ఎత్తలేదేమిటి? గర్భగుడికి పైకప్పు ఉండదు, భక్తులే స్వయంగా పూజ చేసుకోవచ్చు. మీరు వెళ్లేది మార్గశిర మాసంలో కనుక గురువారాలు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఎలాగూ ఆ రోజు అరకులో ఉంటారు కాబట్టి, బుధవారం బీచికి వెళ్లే ముందు దర్శనం చేసుకోండి. ఇంకో మాట, టిక్కెట్టు కొనేటప్పుడు బండి విశాఖపట్నం స్టేషనులోకి వస్తుందో లేదో చూసుకోండి. కొన్ని దూరప్రాంతపు బండ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటే వెళ్లిపోతాయి. తెల్లవారుజామున అక్కడ దిగితే నగరంలోకి రావడానికి ఆటో బేరం మీదే.