ఇర్వింగ్‌లో ముగ్గురికి నెలకి గ్రాసరీ ఎంతవుతుంది? కూపన్లు నిజంగా పనికొస్తాయా?

ఇర్వింగ్ కొత్త:

అందరికీ నమస్తే. మార్చిలో ఖమ్మం నుంచి అమెరికాకి, టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చాం. మావారు, నేను, మూడేళ్ల పాప. నెలకి గ్రాసరీకి 500 డాలర్లు అని మావారు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. ఏప్రిల్‌లో 690 అయింది, మేలో 780. ఏమీ ఎక్కువ కొన్నట్టు అనిపించదు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా రూపాయల్లోకి లెక్కేసుకుంటూ నిలబడిపోతున్నాను.

అడగాలనుకున్నవి మూడు. 500లో ఇల్లు నడుస్తుందా? మెయిల్ బాక్సులో పిజ్జా కాగితాలతో పాటు వచ్చేవేనా కూపన్లంటే? బిల్లులో కొన్నిటికి టాక్స్ పడుతోంది, కొన్నిటికి లేదు, ఎందుకు? కౌంటర్ దగ్గర కూపన్లు తీయడం నామోషీ అంటున్నారు మావారు. అక్కలూ, అన్నలూ కాస్త చెప్పండి.

ప్లేనో ఆంటీ:

అమ్మాయ్, 1998 నుంచి ఇక్కడే ఉన్నాను కాబట్టి ముందు ఒక్క మాట విను. బియ్యం దొరికాయి కదా అని ఎక్కువ కొని పెట్టుకోకు.

2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది ఇండియా. మన సోనా మసూరీ అందులోనే కదా. మర్నాడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే గోల. మేం వెళ్లేసరికి షాపు బయట వరకు లైను. మనిషికి ఒక బస్తా అన్నారు. అంకుల్ ఒక లైన్లో, నేనొక లైన్లో, కాలేజీ నుంచి వచ్చిన మా అబ్బాయి ఇంకో లైన్లో. ముందు వారం 22కి కొన్న 20 పౌండ్ల బస్తా 40కి కొన్నాం, అదీ దొరికినందుకు సంతోషిస్తూ. మూడు షాపులు తిరిగి తొమ్మిది బస్తాలు పోగేసి గరాజ్‌లో పెట్టాం. టెక్సస్ ఎండలో గరాజ్ ఎలా ఉంటుందో నీకు ఆగస్టులో తెలుస్తుంది. సెప్టెంబర్‌లో నాలుగో బస్తా విప్పితే ముక్క పురుగులు నడుచుకుంటూ వస్తున్నాయి. ఎండబెట్టాను, చెరిగాను, ఎండు మిరపకాయలు వేశాను. మా కోడలు వీడియో తీసి అందరికీ పంపింది. అప్పటికి షాపుల్లో బియ్యం మామూలుగానే దొరుకుతున్నాయి. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబర్‌లో, కానీ మన బస్తా ఖాళీ అయ్యేలోపు షాపులో బియ్యం అయిపోయిన రోజు నేను చూడలేదు.

రవ్వ, శనగపిండి తెచ్చిన రోజే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత డబ్బాలో పోసుకో. పురుగు రాదు.

కాపెల్ అన్న:

ఆంటీ, ఆ అమ్మాయి అడిగింది కూపన్ల గురించి.

చెల్లెమ్మా, కాగితం కూపన్ల కాలం దాదాపు అయిపోయింది. ఇప్పుడంతా ఫోన్లోనే. క్రోగర్ సూపర్‌మార్కెట్ యాప్ దించుకుని నీ ఫోన్ నంబరుతో అకౌంట్ చేసుకో. వారం ఆఫర్లు బుధవారం మారతాయి. బుధవారం రాత్రి పాప పడుకున్నాక పది నిమిషాలు కూర్చుని ఇంట్లో వాడేవి మాత్రమే క్లిప్ చేసుకో, అంటే యాప్‌లో ఆ కూపన్ నొక్కి అకౌంట్‌లో వేసుకో. డిజిటల్ కూపన్ ఉన్నవాటికి క్లిప్ చెయ్యకపోతే ఆ రేటు తగ్గదు, షెల్ఫ్ మీద ట్యాగ్ ఎంత పెద్దగా ఉన్నా సరే. కౌంటర్‌లో ఫోన్ నంబరు కొడితే చాలు. మీ ఆయనకి నామోషీ అక్కర్లేదు, వెనకాల నిలబడ్డవాళ్లకి కూడా తెలియదు.

రెండు రకాల ఆఫర్లు ఉంటాయి, కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ‘10 ఫర్ 10’ అని ఉంటే మామూలుగా పది కొననక్కర్లేదు, ఒకటి తీసుకున్నా డాలరే. అదే ‘బై 5, సేవ్’ అని ఉంటే కనీసం ఐదు ఉండాలి. నాలుగు తెస్తే నాలుగూ అసలు రేటుకే. డిజిటల్ డీల్ మీద ‘ఒక బిల్లులో 5 వరకు’ అని ఉంటే అది వేరు, ఒకటి కొన్నా తగ్గుతుంది.

ఇంకోటి. షెల్ఫ్ మీద ‘విక్’ అని ట్యాగులు కనిపిస్తాయి. అది ఆఫర్ కాదు. గర్భిణులకి, చిన్నపిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే సహాయానికి సంబంధించిన గుర్తు. మొదటి నెలలో నేను ఆ ట్యాగులున్నవే ఏరుకుని బుట్ట నింపాను. క్యాషియర్ పాపం రెండుసార్లు అడిగింది, విక్ కార్డు ఉందా అని. నేను రెండుసార్లూ వీసా కార్డు చూపించాను.

టాక్స్ సంగతి: టెక్సస్‌లో వండుకునే సరుకులకి సేల్స్ టాక్స్ లేదు. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, సబ్బులు, పేపర్ టవల్స్‌కి 8.25 శాతం దాకా పడుతుంది. ఫ్రోజెన్ సమోసాకి ఉండదు, హాట్ కౌంటర్‌లో వేడిగా ఇచ్చే సమోసాకి ఉంటుంది. సమోసా ఒకటే, వేడికి టాక్స్.

లూయిస్‌విల్ నుంచి:

కూపన్లు సరే, కొన్నది దాచుకునే ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పరు. నేను చెబుతా.

రెండేళ్ల కిందట అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. డీల్‌లో చికెన్ ఐదు ప్యాకెట్లు, పనీర్ ఐదు, ఫ్రోజెన్ మునక్కాడలు, తురిమిన కొబ్బరి, ఇడ్లీ పిండి రెండు డబ్బాలు, అన్నీ ఫ్రీజర్ నిండా సర్ది మా ఆవిడకి గొప్పగా చూపించాను. జులై, శుక్రవారం సాయంత్రం. రాత్రి పదింటికి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే కాలికి తడి తగిలింది. ఫ్రీజర్ తలుపు కింద నుంచి ఎర్రటి నీళ్లు.

అపార్ట్‌మెంట్ వాళ్ల ఎమర్జెన్సీ నంబరుకి చేస్తే ఫ్రిజ్ ఎమర్జెన్సీ కాదు, ఏసీ అయితే ఎమర్జెన్సీ అన్నారు. శనివారం ఐసు తెచ్చి టబ్బులో వేసి సరుకులు పెట్టాం. ఆదివారం మళ్లీ ఐసు. సోమవారం మనిషి వచ్చాడు, ఫ్రిజ్ వెనక్కి వెళ్లి అయిదు నిమిషాలు టార్చి వేసి చూసి, పార్ట్ రావాలి అన్నాడు. పార్ట్ గురువారం వచ్చింది. ఈలోపు మా అమ్మ సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చిన గోంగూర ముద్ద కూడా డస్ట్‌బిన్‌లోకి వెళ్లింది. లెక్క వేస్తే 210 డాలర్లు. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి అడిగితే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో, అంటే అద్దెకుండేవాళ్ల బీమాలో చూసుకోండి అన్నారు. చూస్తే నా పాలసీకి డిడక్టబుల్ 500, అంటే మొదటి 500 నష్టం నేనే పెట్టుకోవాలి. అద్దెలో ఒక్క డాలరు తగ్గించలేదు. నేను చేసిన పొరపాటు ఏమిటంటే అన్నీ ఫోన్లో చెప్పాను, రాసి పంపలేదు. నువ్వు మాత్రం ప్రతి రిపేరూ అపార్ట్‌మెంట్ వాళ్ల వెబ్ పోర్టల్‌లో పెట్టి స్క్రీన్‌షాట్ ఉంచుకో.

అప్పటి నుంచి నేను డీల్ ఉన్నా రెండే ప్యాకెట్లు కొంటాను.

కాపెల్ అన్న:

అన్నా, టెక్సస్ చట్టంలో ఉంది, ఏ రిపేరైనా ఏడు రోజుల్లో చెయ్యాలి. మీరు గట్టిగా అడగాల్సింది.

లూయిస్‌విల్ నుంచి:

నాకూ అలానే చెప్పారు. చదివితే తెలిసింది. ప్రాపర్టీ కోడ్ 92.056లో ఏడు రోజులు అనేది ‘తగినంత సమయం’ అని అనుకునే ప్రమాణం, గడువు కాదు. ఆరోగ్యానికో, భద్రతకో ముప్పు అయ్యే రిపేర్లకే అది. అద్దె బాకీ ఉండకూడదు, నోటీసు ఇచ్చి ఉండాలి. ఫ్రిజ్ దాని కిందకి వస్తుందా అని వాళ్లు వాదిస్తారు. పైగా నాది ఆరో రోజుకి అయిపోయింది. ఇక ఏం వాదిస్తాం!

ప్లేనో ఆంటీ:

అందుకే కాస్ట్‌కో కార్డు తీసుకోమనేది, సభ్యత్వం ఉన్నవాళ్లకే అమ్మే పెద్ద షాపు అది. అక్కడ క్లిప్ చెయ్యడాలు లేవు, ఆ నెల డిస్కౌంటు కౌంటర్‌లో అదే పడిపోతుంది. ఎగ్జిక్యూటివ్ కార్డు తీసుకుంటే 2 శాతం వెనక్కి వస్తుంది. ధర చివర 97 ఉంటే అది తగ్గించిన రేటు, కళ్లు మూసుకుని కొనొచ్చు.

కాపెల్ అన్న:

ఆంటీ, కళ్లు మూసుకుని కొన్నందుకే బడ్జెట్ పోయేది. మామూలు కార్డు ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ 130. పై 65 రావాలంటే 2 శాతం లెక్కన ఏడాదికి 3,250 డాలర్లు, అంటే నెలకి 270 పైన అక్కడే ఖర్చు పెట్టాలి. పెట్రోలు ఇందులో లెక్కకి రాదు. ముగ్గురున్న ఇంటికి, అదీ అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌తో! ఆల్డీ అనే చౌక షాపుకి వెళ్లండి. బండికి పావలా నాణెం పెట్టాలి, తిరిగి పెడితే మన పావలా మనకి వస్తుంది. అక్కడ కూపన్ల గొడవే లేదు, తీసుకోరు కూడా.

ప్లేనో ఆంటీ:

ఆల్డీలో మన కందిపప్పు దొరుకుతుందా? నెయ్యికి వెన్న, బాదం, జీడిపప్పు కాస్ట్‌కోలో తీసుకున్న రేటు నాకు ఎక్కడా రాలేదు. నచ్చకపోతే మెంబర్‌షిప్ డబ్బు మొత్తం వెనక్కిస్తారు కూడా. నువ్వు గత దీపావళికి మా ఇంట్లో తిన్న మైసూర్ పాక్ ఆ వెన్నతో కాచిన నెయ్యితో చేసిందే.

కాపెల్ అన్న:

మైసూర్ పాక్ గురించి నేనేమీ అనలేదు.

మెకిన్నీ:

మీ ఇద్దరి గొడవ 2015 నుంచి చదువుతున్నాను. ఆ అమ్మాయి దేనికి ఎంత పెడుతోందో ఎవరైనా అడిగారా? చెల్లీ, మే నెల బిల్లులు షాపుల వారీగా ఇక్కడ రాయి.

ఈలోగా నా వంతు. హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్ ఇటు ఫ్రిస్కోలో, ప్లేనోలో 2022లో తెరిచారు, తర్వాత మా మెకిన్నీలో. అక్కడ షెల్ఫ్‌కే పసుపు కూపన్లు వేలాడుతుంటాయి, చింపుకుని కౌంటర్‌లో ఇవ్వడమే. ఇది కొంటే అది ఉచితం అంటాయి. ఆ ‘ఇది’ మనం ఎలాగూ కొనేదైతేనే చింపు. నేను ఉచిత సాల్సా కోసం మూడు పెద్ద చిప్స్ ప్యాకెట్లు కొన్న మనిషిని. కొత్తిమీర, నిమ్మకాయలు, పచ్చిమిర్చికి బదులు సెరానో మిర్చి, ఇవి ఫియెస్టా లాంటి మెక్సికన్ షాపులో మన షాపుల కంటే చౌక. మన షాపుల్లో కూరగాయల ఆఫర్లు శుక్రవారం నుంచి ఆదివారం దాకా, వాళ్ల వాట్సాప్‌లో వస్తాయి.

ఇర్వింగ్ కొత్త:

అందరికీ చాలా థాంక్స్. బిల్లులన్నీ పరుపు మీద పరిచి లెక్క వేశాను. పాప రెండు చింపింది, అవి ఫోన్లో చూశాను.

మెక్‌ఆర్థర్ రోడ్డు మీద మన షాపు: 305. అందులో శనివారాలు హాట్ కౌంటర్‌లో బిర్యానీ, సమోసాలు 64.
క్రోగర్, వాల్‌మార్ట్ కలిపి: 207. పెరుగు డబ్బాలకే 31.
కాస్ట్‌కో: 268. అందులో పాపకి పుల్-అప్స్ డైపర్లు 42, హాల్లోకి తివాచీ 60, మావారి ప్రోటీన్ పౌడర్ 58.

మెకిన్నీ:

చూశావా. తివాచీ, పౌడర్, పుల్-అప్స్ కలిపి 160. బయటి తిండి 64. అవి తీసేస్తే నీ వంటింటి ఖర్చు 556. నువ్వు 500 దాటింది 56 డాలర్లే తల్లీ, 280 కాదు.

ప్లేనో ఆంటీ:

పెరుగుకి 31 ఏమిటి? గ్యాలన్ హోల్ మిల్క్ తీసుకో, కాచి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు వేసి ఓవెన్‌లో పెట్టు. ఓవెన్ వెలిగించకు, లోపల లైటు మాత్రం వేసి ఉంచు. పొద్దున్నకి గడ్డలా తోడుకుంటుంది. పాలకి కూపన్ దొరికిన వారం నాకు ఫోటో పెట్టు.

లూయిస్‌విల్ నుంచి:

లైటు వేసి ఉంచానని ఓవెన్ తలుపు మీద చీటీ అంటించు. మా ఇంట్లో పిజ్జా కోసమని ప్రీహీట్ చేశారు. గిన్నెకి ప్లాస్టిక్ మూత.

ఇర్వింగ్ కొత్త:

ఆదివారం క్రోగర్‌కి వెళ్లాం. కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు మావారే కొట్టారు. స్క్రీన్ మీద 71 కాస్తా 58 అయ్యేసరికి, ఇంకోసారి కొడితే ఇంకా తగ్గుతుందా అని అడిగారు. పెట్రోలు పాయింట్లు కూడా పడ్డాయట, 100 పాయింట్లకి గ్యాలన్‌కి 10 సెంట్లు అని ఇంటికొచ్చేదాకా అదే చెబుతున్నారు.

ఆంటీ, పెరుగు బాగా తోడుకుంది. ఫ్రిజ్ మీద కాగితం కూడా మారింది. ‘గ్రాసరీ 500’ కింద ‘ప్రోటీన్ పౌడర్ వేరే’ అని మావారే చిన్న అక్షరాలతో రాశారు.

ప్లేనో ఆంటీ:

మంచిది. మా పెరట్లో గోంగూర మోకాలి ఎత్తు వచ్చింది. శనివారం ఇటు వస్తే నాలుగు కొమ్మలు ఇస్తాను, బాల్కనీ కుండీలో గుచ్చు, ఎండకి బతుకుతాయి.

కాపెల్ అన్న:

ఆంటీ, నాక్కూడా రెండు కొమ్మలు.

ప్లేనో ఆంటీ:

ఆల్డీలో అడుగు.