టీకాలు పడని రెండు కుక్కపిల్లలు, ఇంట్లో ముందే పెద్ద కుక్క: ఫోస్టర్ ఎలా మొదలుపెట్టాలి?

గుణదల కొండపక్క

ఆటోనగర్ షెడ్ల దగ్గర దొరికిన రెండు పిల్లలు ఫోస్టర్ కోసం, అంటే పెంచుకునేవాళ్ళకు ఇచ్చేదాకా ఉంచడానికి, రేపు సాయంత్రం మా ఇంటికి వస్తున్నాయి. ఒకటి మగ, ఒకటి ఆడ. వయసు రెండున్నర నెలలని అంచనా. టీకా ఒక్కటీ పడలేదు. పొట్టలు ఉబ్బి ఉన్నాయి, చెవుల్లో గోమార్లు కనిపిస్తున్నాయి. మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. ఇంట్లో ఆరేళ్ళ నాటు కుక్క ఉంది, దానికి టీకాలన్నీ వేళకు పడ్డాయి. పిల్లల్ని దానితో ఎప్పుడు కలపొచ్చు? మందులు, టీకాలు ఏ వరసలో వేయించాలి? పెంచుకుంటామని ఇప్పటికే ఇద్దరు అడుగుతున్నారు, ఈ ఆదివారమే ఇచ్చేయమంటున్నారు. ఇవ్వొచ్చా?

బ్రాడీపేట రెండో లైను

ఆదివారం మాట పక్కన పెట్టండి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే విరేచనాల వైరస్) సోకిన పిల్లలో జబ్బు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి 14 రోజులు కూడా. ఇవాళ గెంతుతున్న పిల్ల ఎల్లుండి రక్త విరేచనాలతో పడిపోవచ్చు. అది కొత్తవాళ్ళ ఇంట్లో జరిగితే పిల్లా దక్కకపోవచ్చు, ఆ ఇంట్లో వైరస్ నెలల తరబడి ఉండిపోతుంది. కాబట్టి 14 రోజులు విడి గది. బాత్‌రూమ్ ఉన్న గదైతే మరీ మంచిది. కార్పెట్, పరుపు, సోఫా ఏవీ వద్దు. పాత దుప్పట్లు, న్యూస్‌పేపర్లు చాలు. గిన్నెలు, చీపురు, చెప్పులు ఆ గదికి వేరుగా ఉండాలి. ముందు పెద్ద కుక్క పనులు ముగించుకుని, తర్వాతే పిల్లల గదిలోకి వెళ్ళండి. మీ పెద్దదానికి టీకాలు ఉన్నాయి కాబట్టి పార్వో భయం తక్కువే, కానీ గజ్జి, పురుగులు, గోమార్లు టీకాతో ఆగవు.

గది శుభ్రం చేయడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఫినాయిల్. దానితో పార్వో చావదు, పైగా పిల్లలు తడి నేలను నాకితే విషం. బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం కొనండి, డబ్బా మీద సోడియం హైపోక్లోరైట్ ఎంత శాతమో చూడండి. 4 శాతం ఉంటే లీటరు నీళ్ళకు 50 మి.లీ. కలపాలి. ముందు మలం తీసేసి, నేలను సర్ఫ్ నీళ్ళతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్ పోసి 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ ఆ మురికితోనే అయిపోతుంది, వైరస్ దాకా చేరదు. మూత్రం మీద నేరుగా పోయకండి, యాసిడ్‌తోగానీ వెనిగర్‌తోగానీ కలపకండి, విషవాయువు వస్తుంది. పిల్లల్ని ఆరిన తర్వాతే లోపలికి వదలండి.

వచ్చిన రోజే ఇద్దర్నీ విడివిడిగా తూకం వేసి రాసిపెట్టుకోండి. పురుగుల మందు మోతాదు కిలోల లెక్కనే ఉంటుంది. ఉబ్బిన పొట్ట అంటే చాలావరకు ఏలికపాములే. మందు పడ్డాక మలంలో సేమియాలాగా తెల్లగా వస్తే కంగారు పడొద్దు, మందు పనిచేస్తోందన్నమాట. కానీ ఒక్క డోసుతో సరిపోదు. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత పేగుల్లోకి చేరతాయి, అందుకే రెండు వారాలకు మళ్ళీ వేయాలి. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటివి అంటుకుని ఉంటే అది బద్దెపురుగు. దాన్ని మోసేది ఫ్లీ (బొచ్చులో గెంతే చిన్న పురుగు), కాబట్టి దానికి కూడా మందు పడాలి.

టీకాకు క్వారంటైన్ ముగిసేదాకా ఆగొద్దు. జ్వరం లేకుండా, బాగా తింటూ ఉంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకు చూపించి డీహెచ్‌పీపీఐ (పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసు వేయించండి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, మన లెక్కతో చూసి జ్వరం అనుకోవద్దు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా మిగిలి ఉంటే అది టీకాను పనిచేయనీయదు, ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా. అందుకే 3–4 వారాలకోసారి చొప్పున 16 వారాల వయసు దాటేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా 3 నెలలు నిండాక. గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే. పిల్లల్ని అక్కడ నేల మీద దింపకండి, బుట్టలో తీసుకెళ్ళండి.

కృష్ణలంక కట్ట

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది అన్నిటికంటే ముందు. ఎక్కడివో తెలియని పిల్లలు. పంటి గీత పడ్డా, పుండు మీద నాకినా, "పిల్లే కదా" అని వదిలేయొద్దు. రేబిస్ కుక్కపిల్లలకూ వస్తుంది. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి వెళ్ళి సూది వేయించుకోండి. ఫోస్టర్ చేస్తూనే ఉండాలనుకుంటే ముందస్తు టీకాల గురించి మీ డాక్టరును అడగండి.

గోమార్లకు కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్, వేపనూనె పూయకండి. పిల్ల నాకేస్తుంది, చర్మం కాలుతుంది. పట్టకారుతో తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగి, సబ్బునీళ్ళ సీసాలో వేయండి. వేళ్ళతో నలిపితే లోపలి రక్తం చేతికంటుతుంది. వెతకాల్సింది చెవి మడతలు, కాలివేళ్ళ సందులు, తోక కింద. నమిలే మాత్రలు ఉన్నాయి, 8 వారాలు, 2 కిలోలు దాటిన పిల్లలకు కొన్ని పనికొస్తాయి. వయసు హద్దు ఒక్కోదానికి ఒక్కోలా, కాబట్టి డాక్టరు రాస్తేనే వేయండి. మాత్రతో పని అయిపోదు. రక్తం తాగిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్ళలోకి పాకి వేలల్లో గుడ్లు పెడుతుంది. మన వేడికి ఏడాది పొడవునా పుడుతూనే ఉంటాయి. తలుపు చట్రం చుట్టూ పగుళ్ళను వైట్ సిమెంటుతో పూడ్చండి.

రోజూ ఉదయం పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. గులాబీ రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. చిగుళ్ళు పాలిపోయి, తిండి మానేసి, జ్వరం ఉంటే టిక్ ఫీవర్ (గోమార్ల వల్ల వచ్చే జ్వరం) అనుమానించి రక్తపరీక్ష చేయించాలి. దానికి రాసే డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాల కోర్సు. మూడో రోజుకు లేచి తిరుగుతోందని ఆపేస్తే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. మాత్ర ఖాళీ కడుపున వేయొద్దు. మనం వాడే పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రం ముట్టుకోకండి, కుక్క ప్రాణానికే ముప్పు.

గుణదల కొండపక్క

చాలా ఉపయోగపడింది. తిండి గురించి చెప్పండి. మా పెద్దదానికి పెరుగన్నం అలవాటు, వీటికీ అదే పెట్టొచ్చా?

బ్రాడీపేట రెండో లైను

పెరుగు మంచిదే, పెరుగన్నం ఒక్కటే పెట్టడం మంచిది కాదు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం అందక కాళ్ళు వంకర్లు పోతాయి. ఉత్త చికెన్, అన్నం పెట్టినా కాల్షియం తక్కువే. సగమైనా పపీ ఫుడ్ ఉండాలి, మిగతా సగం ఎముకలు తీసిన ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం. ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. ఆకలితో వచ్చిన పిల్లకు మొదటి రోజే గిన్నె నిండా పెడితే కక్కేస్తుంది. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి, అది పార్వోనా పాలా అన్న అనుమానంతో మీకు నిద్ర ఉండదు. ఇద్దరికీ రెండు గిన్నెలు, మధ్యలో నాలుగడుగుల దూరం.

పాత బస్టాండు

ఎవరికి ఇవ్వాలో నేను చెప్తాను. పిల్లలు తిరిగి వచ్చేసేది ఎక్కువగా ముందు చెప్పకుండా దాచిన విషయాల వల్లే. కాబట్టి ఒక్కోదానికి ఒక నోట్‌బుక్ పెట్టి ఉన్నదున్నట్టు రాయండి: రాత్రి ఎంతసేపు ఏడుస్తుంది, కుక్కర్ విజిల్‌కి ఎటు పరిగెత్తుతుంది, గిన్నె దగ్గరికి చెయ్యి పెడితే ఏం చేస్తుంది.

12–14 వారాల వయసు లోపల చూసినవి, విన్నవి పిల్లకు ఇక భయం అనిపించవు. బయట నేల మీద దింపకూడదు కదా అని గదిలోనే ఉంచితే ఆ కాలం దాటిపోతుంది. పొద్దున 6 గంటలకు చేతుల్లో ఎత్తుకుని వీధిలో నిలబడండి: ఆటో, పాలవాడు, స్కూలు పిల్లలు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి. ఇద్దర్నీ రోజుకు గంటసేపు విడదీసి ఉంచండి, లేకపోతే వేరువేరు ఇళ్ళకు వెళ్ళిన రాత్రి రెండూ గగ్గోలు పెడతాయి. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆపగానే పేపరు మీదికి తీసుకెళ్ళండి. అక్కడ పోస్తే వెంటనే చిన్న చికెన్ ముక్క. తప్పుచోట పోస్తే తిట్టకండి, ముక్కు రుద్దకండి. మీకు కనపడకుండా మంచం కింద పోయడం నేర్చుకుంటుంది, అంతే.

రెండో డోసు పడి వారం దాటాక ఇవ్వండి. అడిగేవాళ్ళింటికి మీరే వెళ్ళి చూడండి. గేటు ఊచల మధ్య పిల్ల తల దూరుతుందా? ఇంటి ఓనరు ఒప్పుకున్నారా, ఆ మాట ఆయన నోటితోనే వినండి. సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది? దీనికి జవాబు తడుముకుంటే ఆగండి. "వాచ్‌మన్ లేడు, కాపలాకి కావాలి" అంటే మేడ మీద గొలుసుతో కట్టేస్తారనే అర్థం. ఆడపిల్లను చాలామంది వద్దంటారు. ఆపరేషన్ చేయిస్తే ఈనడం, ఎదకు రావడం ఉండవని ముందే వివరించండి. ఐదారు నెలలకు ఆపరేషన్ చేయిస్తామని సంతకం తీసుకోండి, ఆ నెలలో మీరే ఫోన్ చేయండి. అన్నీ జాగ్రత్తగా చూసి ఇచ్చేవాళ్ళు కూడా మర్చిపోయేది ఇదొక్కటే.

అప్పగించే రోజు అది పడుకున్న దుప్పటి ఉతకకుండా ఇవ్వండి, నాలుగు రోజులకు సరిపడా అదే తిండి కూడా. మెడపట్టీకి ఫోన్ నంబరు బిళ్ళ ముందే కట్టండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులైతే లిఫ్ట్ దగ్గరే తల లాగేసుకుని పారిపోతుంది.